దత్తత వెల ఎవరు చెల్లించారు?

ఆంధ్రుల పేరు మొట్టమొదట కనిపించే గ్రంథం ఐతరేయ బ్రాహ్మణమని మన చరిత్ర పాఠాలన్నీ చెబుతాయి. ఆ పేరు ఏ సందర్భంలో వచ్చిందో మాత్రం సాధారణంగా చెప్పవు. అది ఒక దత్తత తగాదా. హరిశ్చంద్రుని కొడుకు రోహితుడు వరుణునికి బలి కావలసినవాడు. తనకు బదులుగా బలి ఇవ్వడానికి, అడవిలో ఆకలితో అలమటిస్తున్న అజీగర్తుడనే బ్రాహ్మణునికి నూరు ఆవులిచ్చి అతని నడిమి కొడుకు శునఃశేపుణ్ణి కొన్నాడు. పెద్దవాణ్ణి తండ్రి వదలలేదు, చిన్నవాణ్ణి తల్లి వదలలేదు, నడిమివాడు అమ్ముడుపోయాడు. పిల్లవాణ్ణి యూపానికి కట్టడానికి మరో నూరు ఆవులు, నరకడానికి ఇంకో నూరు ఆవులు ఆ తండ్రే అడిగి పుచ్చుకున్నాడు. దేవతలు కరుణించి కట్లు విప్పిన తరువాత విశ్వామిత్రుడు ఆ పిల్లవాణ్ణి తన కొడుకుగా స్వీకరించి, నూటొక్కమంది సొంత కొడుకులకు జ్యేష్ఠునిగా నిలబెట్టాడు. కొడుకుల్లో పెద్దవాళ్ళు యాభైమంది అందుకు ఒప్పుకోలేదు. తండ్రి వాళ్ళను శపించాడు. ఆ శాపగ్రస్తుల సంతతి ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అయ్యారని ఆ గ్రంథం చెబుతుంది.

పురాగాథను చరిత్రగా తీసుకొమ్మని నేను చెప్పడం లేదు. కాని కల్పనలో కూడా ఆనాటి సమాజపు లెక్క దాగి ఉంటుంది. ఆకలిగొన్న ఇల్లు పిల్లవాణ్ణి ఇచ్చింది. రాచకుటుంబం వెల ఇచ్చింది. ఋషికి వంశవర్ధనుడు దొరికాడు. మూడు వందల ఆవులు చేతులు మారాయి. ఆ ఆవులు ఎవరి మందలోనివో, వాటిని మేపినవాడెవడో, పోగొట్టుకున్న పల్లె ఏదో కథ చెప్పదు. ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది ఆ చెప్పని సంగతినే. దత్తతకు డబ్బు ఎక్కడినుంచి వచ్చింది?

1

ఈ ప్రశ్నకు కృష్ణ ఒడ్డున బీచుపల్లికంటె తగిన చోటు లేదు. ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చేవాళ్ళు, పుష్కరాల్లో మునిగేవాళ్ళు, హైదరాబాదునుంచి కర్నూలు వెళ్ళే జాతీయ రహదారి వంతెనమీద క్షణం ఆగి నదిని చూసేవాళ్ళు, అందరూ ఎరిగిన ఊరే అది. చరిత్ర విద్యార్థికి అది రెండు గద్దెల మధ్య సరిహద్దు. బీచుపల్లి ఉన్న కుడిగట్టు, కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ, గద్వాల సంస్థానం. ఎదుటి గట్టు వనపర్తి సంస్థానం వైపు. అదే గట్టున తూర్పుగా పోతే కొల్లాపురం రాజధానిగా ఉండిన జటప్రోలు సంస్థానం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఈ మూడు గద్దెల ఊళ్ళు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అనే మూడు జిల్లాలకు చేరాయి. గద్వాలలో ముష్టిపల్లి రెడ్లు, వనపర్తిలో జనుంపల్లి రెడ్లు, జటప్రోలులో సురభి వెలమలు పాలకులు. ముగ్గురికీ పైన ఒకడే ప్రభువు, హైదరాబాదు నిజాము.

మా కళాశాల విద్యార్థులను ఈ ప్రాంతానికి తీసుకువెళ్ళినప్పుడు సంస్థానాల వంశవృక్షం ఒకటి వాళ్ళ చేతికిచ్చాను. దానిలో ఒక గీత దగ్గర "దత్తపుత్రుడు" అనీ, మరో గీత దగ్గర మళ్ళీ "దత్తపుత్రుడు" అనీ ఉంది. ఒక విద్యార్థిని, "సార్, మా ఊళ్ళో పొలం రాసివ్వాలంటేనే రిజిస్ట్రేషన్ ఖర్చు ఉంటుంది గదా, సంస్థానం రాసివ్వడానికి ఎంతయి ఉంటుంది?" అని అడిగింది. గొప్ప గ్రంథాలు అడగని ప్రశ్న ఆ పిల్ల అడిగింది. వంశవృక్షాలు గీసేవాళ్ళు చావుపుట్టుకలు రాస్తారు, బిరుదులు రాస్తారు. ఒక గీతనుంచి మరో గీతకు అడ్డంగా వేసిన చుక్కల వరుసకు అయిన ఖర్చు రాయరు.

2

శాస్త్రం మాట ముందు చూద్దాం. ధర్మశాస్త్రాలు కొడుకులను పన్నెండు రకాలుగా లెక్కించాయి. కన్నవాడు ఔరసుడు, తల్లిదండ్రులు ఇచ్చినవాడు దత్తకుడు, వెల ఇచ్చి కొన్నవాడు క్రీతుడు. కలియుగంలో ఔరస దత్తకులు తప్ప తక్కినవారు పనికిరారని తరువాతి నిబంధనకారులు తీర్మానించారు. ఒక్కడే కొడుకైతే వాణ్ణి ఇవ్వరాదు, పుచ్చుకోరాదు అని వసిష్ఠుని సూత్రం. ఇవన్నీ చూస్తే పిల్లవాణ్ణి సరుకుగా మార్చకూడదనే సంకోచం శాస్త్రకారులకు లేకపోలేదని ఒప్పుకోవలసి ఉంటుంది. అజీగర్తుని కథ వాళ్ళనూ కలవరపెట్టి ఉంటుంది.

బ్రిటిషువారి న్యాయస్థానాలు ఈ సంకోచాన్ని పుచ్చుకుని ఇంకొక మెట్టు ఎక్కాయి. భర్త అనుమతి ఇవ్వకుండా చనిపోతే దక్షిణదేశంలో వితంతువు సపిండుల సమ్మతితో దత్తత చేసుకోవచ్చునని 1868లో రామనాథపురం జమీందారీ వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. అయితే ఆ సపిండునికి డబ్బిచ్చి సమ్మతి కొనుక్కుంటే దత్తత చెల్లదని తరువాత మద్రాసు తీర్పుల్లో స్థిరపడింది. అనగా దాయాదికి పదివేలిస్తే అది లంచం. కన్నతండ్రికి పదివేలిస్తే అది క్రయం. రెండూ తప్పే.

ఇక మూడో చెయ్యి ఒకటి ఉంది. అది పైప్రభువు చెయ్యి. సంస్థానాధీశుడు కన్ను మూయగానే అతని స్థానంలోకి వచ్చేవానికి నిజాం ప్రభుత్వం గుర్తింపు కావాలి. ఇచ్చిన సనదు పోయినవానితో పోయినట్టే, మళ్ళీ కొత్తగా ఇవ్వాలి అన్నది మొగలాయి కాలంనుంచి వచ్చిన సిద్ధాంతం. విరాసత్ విచారణ జరగాలి, దస్తావేజులు అతియాత్ కచేరీలో తిరగాలి, చివరకు నజరానా ముట్టాలి. వచ్చేవాడు కన్నకొడుకైతే పని కొంత తేలిక. దత్తుడైతే అసలు దత్తతకే అనుమతి ఉందా లేదా అన్న ప్రశ్న తలుపు దగ్గరే నిలబడుతుంది. ఆ తలుపు తెరవడానికి ముట్టజెప్పిన సొమ్మును ఏ కోర్టూ లంచమనలేదు, ఏ శాస్త్రమూ క్రయమనలేదు. దానిపేరు మర్యాద. డబ్బు ఒకటే, పుచ్చుకునే చేతిని బట్టి పేరు మారింది. చట్టం వర్గస్వభావం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఇంతకంటె సులభమైన పాఠం నాకు దొరకలేదు.

3

దత్తతమీద పైప్రభువు పెత్తనం నిజాం సొంత ఆవిష్కరణ కాదు. కొడుకులేని రాజు చేసుకున్న దత్తతను గుర్తించకుండా రాజ్యాన్ని కలుపుకోవడం డల్హౌసీ కాలంలో కంపెనీ విధానమైంది. 1848లో సతారా, 1854లో ఝాన్సీ, నాగపూర్ అలాగే పోయాయి. 1857 తిరుగుబాటు ఆ విధానానికి జవాబు. ఆ దెబ్బతో 1862లో కానింగ్ హిందూ రాజులకు దత్తత సనదులు పంచాడు. రాజ్యాలను మింగడం ప్రమాదమని తెలిసిన ప్రభుత్వం వాటిని నిలబెట్టి, వారసత్వాల సమయంలో నజరానా పుచ్చుకోవడం మేలని తేల్చుకుంది. చివరకు 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారులో అయిదవ జార్జి చక్రవర్తి, ఇకమీదట స్వదేశ రాజులు వారసత్వ నజరానాలు చెల్లించనక్కరలేదని ప్రకటించాడు.

ఈ ప్రకటన ఎక్కడ ఆగిందో పాఠకులు గమనించాలి. రాజులకు మాఫీ అయింది. రాజుల కింద ఉన్నవాళ్ళకు కాలేదు. అదే 1911లో గద్దె ఎక్కిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కొలువులో నజరు సమర్పించకుండా నిలబడే వీలు లేదు. ఒక అష్రఫీ, నాలుగు రూపాయలు అన్నది లోకమంతా ఎరిగిన లెక్క. పండుగలకూ పబ్బాలకూ నజరు, కొలువు దొరికితే నజరు, వారసత్వం దొరికితే నజరానా. పైన సామ్రాజ్యవాదం తన ఆశ్రితులకు చూపిన ఉదారత కింది మెట్టుకు దిగలేదు.

నిజాం మాత్రం స్వతంత్రుడా? కంటింజెంట్ సైన్యం ఖర్చుకింద పేరుకున్న బాకీ పేరు చెప్పి 1853లో కంపెనీ అతని చేతినుంచి బేరారు తీసుకుంది. అంతకుముందు చందూలాల్ పెత్తనంలో పామర్ కంపెనీ వడ్డీలు రాజ్యాన్ని ఎలా పీల్చాయో చరిత్ర విద్యార్థులెరుగుదురు. నిజాం కంపెనీకి ఋణపడి ఉన్నాడు, సంస్థానాధీశుడు నిజాముకు లోబడి ఉన్నాడు. ఈ నిచ్చెన అడుగుమెట్టు కింద మట్టిలో కాళ్ళు పెట్టుకుని నిలబడినవాడు నడిగడ్డ రైతు.

4

ఇప్పుడు మన సంస్థానాల సంగతి. వనపర్తిలో మొదటి రామేశ్వరరావు 1866లో మరణించాడు. రాణి శంకరమ్మ సంస్థానాన్ని నడిపింది. దత్తపుత్రుడు రెండవ రామేశ్వరరావు ఆ తరువాత పాలకుడై 1922 దాకా ఉన్నాడు. గద్వాలలో సీతారామభూపాలుడు 1924లో మరణించగా రాణి ఆదిలక్ష్మీదేవమ్మ 1949 వరకు సంస్థానాన్ని పాలించింది. ఆమె గద్వాల సంస్థానానికి చివరి పాలకురాలు. జటప్రోలుకు 19వ శతాబ్దం చివర వచ్చిన వెంకటలక్ష్మారావు పుట్టుకతో వెంకటగిరి వెలుగోటివారి బిడ్డ. ఆయన 1929 దాకా ఏలాడు.

వెంకటగిరి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ ఇంటినుంచి ఒక కుమారుడు బొబ్బిలికి, ఒకడు పిఠాపురానికి, ఒకడు జటప్రోలుకు దత్తు వెళ్ళారు. బొబ్బిలి, పిఠాపురం బ్రిటిషు పాలనలోని తీరాంధ్రలోవి; జటప్రోలు నిజాం రాజ్యంలోది. రాజ్యాల సరిహద్దులు రాచకుటుంబాలకు అడ్డురాలేదు. పిఠాపురం దత్తత కథ మాత్రం వికటించింది. 1873లో పిల్లవాణ్ణి తెచ్చుకున్న రాజా గంగాధర రామారావుకు 1885లో కన్నకొడుకు సూర్యారావు పుట్టాడు. 1890లో రాజు పోతూ సంస్థానాన్ని వీలునామాతో కన్నకొడుక్కే ఇచ్చాడు. దత్తుడు వ్యాజ్యం వేశాడు. అది సముద్రం దాటి ప్రీవీ కౌన్సిల్‌కు పోయి 1899లో తేలింది, దత్తుడు ఓడాడు. రెండు పక్షాల వకీళ్ళకూ, లండన్ బారిస్టర్లకూ ఫీజులు గోదావరి డెల్టా మాగాణినుంచే ముట్టాయి. గెలిచినవాడూ ఓడినవాడూ ఎవరైనా ఖర్చు భరించిన కుండ ఒకటే.

రాణుల విషయంలో ప్రగతిశీల విమర్శకులు తొందరపడరాదు. భర్త పోయిన స్త్రీ, మగపిల్లవాడు లేడన్న ఒకే కారణంచేత తన ఇంట్లో తాను ఉండడానికి పరాయి మగవాళ్ళ అనుమతి పత్రాలకోసం పడిగాపులు పడింది. సపిండులు సంతకం పెట్టాలి, కచేరీ మొహరు వెయ్యాలి, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ మీదికి రాకుండా చూసుకోవాలి. 1956కు పూర్వపు శాస్త్రం ప్రకారం ఆమె చేసుకునే దత్తత ఆమె కోసం కాదు, పోయిన భర్త కోసం. ఆడపిల్లను దత్తు చేసుకునే దారే లేదు. ఈ అర్థంలో ఆమె పీడితురాలు. అయితే ఆ పీడనకు పరిహారంగా ఆమె చెల్లించిన సొమ్ము ఆమె వడికిన నూలుది కాదు, దున్నిన చేనుది కాదు. ఈ అర్థంలో ఆమె పీడకవర్గంలోనిదే. ఒక మనిషి ఒకేసారి రెండూ కావడం భూస్వామ్య వ్యవస్థలో వింత కాదు. ఒక్కదాన్నే చూసి జేజేలు పలికినా, రెండోదాన్నే చూసి దుమ్మెత్తిపోసినా మనం చరిత్ర రాసినట్టు కాదు.

5

డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? 20వ శతాబ్దం తొలి దశకంలో అచ్చయిన ఇంపీరియల్ గెజిటీర్ లెక్కలు చూడండి. గద్వాల రాబడి సుమారు 3 లక్షల రూపాయలు. అందులోనుంచి నిజాముకు ఏటా కట్టే పేష్కష్ దాదాపు 87 వేలు. వనపర్తి రాబడి సుమారు లక్షన్నర, పేష్కష్ దాదాపు 77 వేలు. జటప్రోలు రాబడి లక్షా 90 వేల దరిదాపు, పేష్కష్ 73 వేల పైచిలుకు. గద్వాలలో రూపాయికి నాలుగణాల పైన, జటప్రోలులో ఆరణాలు, వనపర్తిలో ఎనిమిదణాలు, ఏ చావూ ఏ దత్తతా లేని మామూలు సంవత్సరంలోనే హైదరాబాదు వెళ్ళిపోయేవి. మిగిలినదానిలో కోట, కొలువు, సైన్యం, గుళ్ళు, అగ్రహారాలు నడవాలి. అటువంటి ఖజానామీద నజరానా వచ్చి పడితే ఏమవుతుంది?

మార్గాలు మూడే. ఒకటి, షావుకారు. హైదరాబాదు బేగంబజారులోనూ కార్వానులోనూ వడ్డీవ్యాపారులకు కొదవ లేదు. రాబోయే పంటల రాబడి తాకట్టు. రెండు, శిస్తు. మూడు, శిస్తు కాని వసూళ్ళు. మొదటిది మొదటిలాగే కనిపిస్తుంది గాని, వడ్డీతో సహా తీర్చేది మళ్ళీ రెండు, మూడు మార్గాలతోనే. సంస్థానానికి భూమి తప్ప చెప్పుకోదగ్గ ఆదాయం మరొకటి లేదు గనుక ఇది నా ఊహ కాదు, కూడిక తీసివేత. "అత్త సొమ్ము అల్లుడు దానం" అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

తెలంగాణ పల్లెల్లో దొర ఇంట్లో పెళ్ళయినా, పిల్లవాడు పుట్టినా, పండుగయినా ఊరు కానుకలు మోయవలసి వచ్చేదన్న సంగతి ఉద్యమకాలపు రచనల్లో విస్తారంగా నమోదయింది. వెట్టి అప్పటికే ఉంది. దానిమీద ఈ కానుకలు గోరుచుట్టుమీద రోకటిపోటు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డి ఈ నేలమీదే, ఇటిక్యాలపాడులో, 1896లో పుట్టినవాడు. రాజుల చరిత్రలు వదిలి ప్రజలు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఎలా బతికారు అని ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినవాడు ఈ ప్రాంతంనుంచే రావడం యాదృచ్ఛికమని నేను అనుకోను. కోటగోడ పక్కన పెరిగినవానికే గోడకు రాళ్ళు మోసినవాడు బాగా కనిపిస్తాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, వచ్చింది కూడా. గద్వాల విద్వద్గద్వాల కాదా, పండితులకు వార్షికాలిచ్చి పోషించలేదా, గద్వాల చీర నేసినవానికి ఆ కొలువే గిరాకీ కాదా, గద్దె నిలవకపోతే ఇవన్నీ నిలిచేవా అని. పోషించిన మాట నిజం. పండితుని వార్షికమూ, నిజాం నజరానా ఒకే ఖజానాలోనుంచి వెళ్ళాయన్నదీ నిజమే. సంస్కృతిని కాదనడానికి నేను ఈ మాట చెప్పడం లేదు. ఆ సంస్కృతికి నిజమైన పోషకుని పేరు చేర్చమంటున్నాను. కవి తన కృతిని రాజుకు అంకితమిచ్చాడు. చెరువుకింద చేను దున్నినవానికి అంకితమిచ్చిన ప్రబంధం నాకు కనబడలేదు.

6

రైతుల ఇళ్ళలో కొడుకులు లేకుండా పోలేదు గదా? వాళ్ళేం చేశారు? శూద్రుల దత్తతకు హోమం అక్కరలేదు, ఇవ్వడం పుచ్చుకోవడం చాలునని 1880 ప్రాంతంలో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. ఆ తీర్పు రాకముందే మన పల్లెలు ఆ పని చేస్తున్నాయి. అక్క కొడుకునో తమ్ముని కొడుకునో తెచ్చుకుని పెంచుకున్నారు. రెడ్లలో, కమ్మవారిలో ఇల్లరికపు అల్లుడు మామ పొలంలో చాకిరీ చేసి కొడుకులాగే వాటా పొందాడు. మద్రాసు కోర్టులు ఆ ఆచారాన్ని గుర్తించాయి. ఇక్కడ వెల లేదా? ఉంది. అది కష్టం రూపంలో ఉంది, కట్టినవాడే కట్టాడు.

మరింత కింద మరో మార్గం ఉంది. దాన్ని చెప్పడానికి సిగ్గుపడవలసింది మన సమాజం. రాయచూరు, బళ్ళారి, కర్నూలు మండలాల్లో నిరుపేద కులాల్లో కొడుకులేని ఇంట ఒక కూతుర్ని బసివిగా దేవునికి వదిలేవారు. ఆమెకు పెళ్ళి లేదు. కొడుకులాగా పుట్టింటనే ఉండాలి, ఆస్తికి వారసురాలు కావాలి, తల్లిదండ్రుల ఉత్తరక్రియలు చెయ్యాలి. 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాల్లో దీని వర్ణన ఉంది. గద్వాల, ఆలంపురం తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లాలోనివేనని గుర్తుంచుకుంటే ఇది దూరపు కథ కాదని తెలుస్తుంది. కోటలో వారసుడు లేకపోతే రూపాయలు కదిలాయి. గుడిసెలో వారసుడు లేకపోతే ఒక ఆడపిల్ల బతుకు కదిలింది. నజరానా కట్టలేని ఇల్లు కూతుర్నే కట్టింది. దీన్ని నిషేధించే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1988లో గాని రాలేదు.

7

1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనంతో హైదరాబాదు రాజ్యంలో సంస్థానాల పాలన ముగిసింది. గద్దె లేకపోతే గద్దెకు దత్తత లేదు, దత్తతకు నజరానా లేదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఆడపిల్లను దత్తు తీసుకోవడానికి వీలిచ్చింది. ఆ చట్టంలోని 17వ సెక్షను దత్తతకు ప్రతిఫలంగా ఎవరూ డబ్బు ఇవ్వరాదు, పుచ్చుకోరాదు అన్నది. తప్పితే ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. అజీగర్తుని నూరు ఆవులకు చట్టం ఇచ్చిన జవాబు అది. కథ అక్కడ ముగిసిందని అనుకునేవాళ్ళు 1999లోనూ 2001లోనూ హైదరాబాదులో బయటపడిన సంగతులు మరిచిపోయినవాళ్ళు.

నల్లగొండ, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ జిల్లాల లంబాడీ తండాలనుంచి పసి ఆడపిల్లలు దళారుల చేతిమీదుగా నగరంలోని కొన్ని శిశుసంరక్షణ కేంద్రాలకు చేరారు. అక్కడినుంచి విదేశాల దత్తతకు కాగితాలు నడిచాయి. తల్లి చేతిలో పడినవి కొన్ని వందలు, కొన్ని వేల రూపాయలు. విదేశీ కుటుంబం చెల్లించినవి వేల డాలర్లు. విదేశీ దత్తతల్లో పిల్లలు సరుకు కాకుండా ఉండాలని 1984లోనే లక్ష్మీకాంత్ పాండే వ్యాజ్యంలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చి ఉంది. ఆ మార్గదర్శకాల నీడలోనే ఇది జరిగింది. 2001లో రాష్ట్ర ప్రభుత్వం పేదరికం కారణంగా తల్లిదండ్రులు పిల్లలను వదులుకోవడాన్ని నిషేధించింది. పిల్లను వదులుకోవడం నిషిద్ధమైంది, పేదరికం కాలేదు.

తండా తల్లిని నిందించడం సులభం. కన్యాశుల్కం ఆచారంగా ఉండిన లంబాడీలలోకి కొద్ది దశాబ్దాల్లో వరకట్నం ఎలా ప్రవేశించిందో, అడవి, పశువులు, పోడు ఎలా చేజారాయో చూడకుండా ఆ నింద నోటికి రావడం మాత్రం అన్యాయం. సముద్రానికి అవతలి దంపతులనూ నేను దుర్మార్గులని అనడం లేదు. పిల్లలకోసం తపించి, ఇల్లు తాకట్టు పెట్టి, స్నేహితుల దగ్గర చందాలు పోగుచేసి డబ్బు కూర్చినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. అమెరికా ప్రభుత్వం 1997 నుంచి దత్తత ఖర్చుకు ఆదాయపు పన్నులో రాయితీ కూడా ఇస్తూ వచ్చింది. అయితే ఒక ప్రశ్న తప్పదు. పిల్లను తెచ్చుకునే ఇంటికి సహాయం చెయ్యడానికి రాజ్యం, బంధువర్గం, బ్యాంకు ఉన్నాయి. పిల్లను పోగొట్టుకునే ఇంటికి, ఆ పిల్లను ఉంచుకోవడానికి సహాయం చేసే చెయ్యి ఏది? ఆ ప్రయాణానికి అయిన డబ్బులో చిన్న భాగం తండాకు ముందే చేరి ఉంటే దత్తత అవసరం పుట్టేదా?

ఈ మాటకు దత్తతనే వ్యతిరేకిస్తున్నానని అర్థం తీయవద్దు. కనని బిడ్డను కన్నబిడ్డగా చూసుకోగలగడం మనిషి సాధించిన గొప్ప నాగరికతల్లో ఒకటి. రక్తంకంటె పెంపకం గొప్పదని చెప్పే ఆచారం అది. దాన్ని గద్దెకు అనుబంధం చేసినప్పుడు నజరానా పుట్టింది. బజారుకు అనుబంధం చేసినప్పుడు దళారీ పుట్టాడు. రెండు సందర్భాల్లోనూ చట్టం సంతకాలు చూసింది, సమ్మతి చూసింది, ముహూర్తం చూసింది. డబ్బు బయలుదేరిన చోటును చూడలేదు.

చూడడం చరిత్రకారుల పని. ముఖ్యంగా ఇప్పుడు చదువుకుంటున్న విద్యార్థుల పని. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాతత్వ పత్రాగారంలో నిజాం కాలపు కచేరీ దస్త్రాలు ఉన్నాయి. ఉర్దూ, పారశీకం నేర్చుకున్నవాడు వాటిలో విరాసత్ కాగితాలను రాజుల కోసం చదవవచ్చు. ఎవరు ఎవరికి దత్తుడో తేలుస్తాడు. అదే కాగితాన్ని జమాఖర్చుల వైపునుంచి చదివితే మరో చరిత్ర బయటపడుతుంది. ఫలానా సంవత్సరం నజరానా ముట్టింది, మరుసటి సంవత్సరం ఫలానా గ్రామాల్లో వసూలు ఎంత పెరిగింది, ఎన్ని ఇళ్ళు ఊరు విడిచిపోయాయి? ఈ మూడు అంకెలు ఒకే పుటలో పక్కపక్కన రాసిన గ్రంథం పాలమూరు చరిత్రకు ఇంకా బాకీ. ఆ బాకీ తీర్చే విద్యార్థి పేరు వంశవృక్షాల్లో ఉండనక్కరలేదు. నూరు ఆవులు ఎవరివని అడిగినవాళ్ళ వరుసలో ఉంటే చాలు.